ఇరవై ఏడో నంబరు పానా

రా తల్లీ, ఇలా కూర్చో. ఆ బల్ల మీద పెట్టకు పెట్టె, దానికో కాలు పొట్టి, ఊగుతుంది. ఈ స్టూలు మీద పెట్టు. ఆగాగు, ఒకేసారి కుమ్మరించకు! ఒక్కొక్కటే తియ్యి, ఎన్ని తీశావో లెక్కపెట్టుకో. వెళ్ళేటప్పుడు అన్నీ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాలి. నవ్వుతావేం? మీ తాత నేర్పిన పద్ధతే ఇది. ఆయన పోయి పాతికేళ్ళయినా నా ఒంట్లోంచి పోలేదు. ఆ, తియ్యి. ఇది కవరు. పెద్దమ్మ ఆఖరిసారి ఎగిరినప్పుడు దాని కడుపులో పెట్టి తీసుకెళ్ళిన కవర్లివి, నాలుగు వందలు. ఇదిగో పైలట్ గారి సంతకం, కోడి గీకినట్టు లేదూ? నాలుగు వందలసార్లు రాసేసరికి పాపం ఆయన పేరు మీద ఆయనకే విసుగు పుట్టి ఉంటుంది. పెద్దమ్మ ఎవరంటావా? ఎవరో కాదమ్మా, మా విమానం. యుద్ధంలో కొండల మీద చిక్కుపడిపోయిన సైనికులకి బస్తాలు జారవిడిచిన విమానాలు మా షెడ్డులో రెండుండేవి. ఒకటి పెద్దమ్మ, ఒకటి చిన్నమ్మ. ఆ తర్వాత ఏంటి, కీచైనా? ఇది పెద్దమ్మ రేకు అని అందరికీ పంచారు. ఉత్తదే, అది చిన్నమ్మ రేకు, అప్పటికే దాన్ని ముక్కలు చేసేశారు. ఎవరికీ చెప్పకు, చాలామంది ఇళ్ళల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. ఈ ఎర్ర రిబ్బను, ఎగిరే ముందు పీకడం మరిచిపోకుండా చక్రాల పిన్నుకి కట్టేది. ఈ గడియారం షీల్డు మీ తాతకి రిటైరయ్యేటప్పుడు ఇచ్చింది, మూడో రోజే ఆగిపోయింది. ఫోటో. పేపరు ముక్క. ఇంకా అడుగున... పానా. ఏడు. ఏడు గుర్తుపెట్టుకో. ఆ పానా ఇలా ఇవ్వు, ఒకసారి చూస్తాను.

ఆ పేపరు ముక్క నాకు చదివి వినిపించక్కర్లేదు, నాకు నోటికొచ్చు. "మతిమరుపు మేస్త్రీ. తానే దాచిన అద్దం కోసం చారిత్రక విమానాన్ని మూడు గంటలు ఆపిన వైనం." అంతేనా? కింద ఒక బొమ్మ కూడా వేశారు, ముసలాయన కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు. ఊరంతా నవ్వుకున్నారు. ఇప్పుడు మ్యూజియం వాళ్ళు అదే మాట పలక మీద రాసి ఆ అద్దం పక్కన పెడతామన్నారా? సరదాగా ఉంటుందనా? హు. మీ అమ్మ ఏమంది? ఏడ్చిందా... ఏడవదూ మరి. ఏ మనిషిని, ఏ మాటంటున్నారు! అందుకని నువ్వు నన్ను అడగడానికొచ్చావు, మా తాతకి నిజంగా అప్పుడే మతి పోయిందా, ఈ తుప్పు పట్టిన పానా ఎందుకు దిండు కింద పెట్టుకునేవాడు, అని. ఆ షెడ్డులో పనిచేసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణేగా. ఒట్టు పెట్టించుకున్నాడమ్మా మీ తాత. నలభై ఏళ్ళు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను, మా ఆవిడకి కూడా చెప్పలేదు. అయితే, నేనూ పోతే మిగిలేది ఆ బొమ్మే. అది బాగుండదు. సరే, విను.

మీ తాతకి షెడ్డులో పేరేంటో తెలుసా? "ఇంకోసారి." ఎదురుగా మేస్త్రీ గారూ అనేవాళ్ళం, చాటుగా ఇంకోసారి. నట్టు బిగించి లేచామా, వెనకనుంచి ముక్కుతో మాట్లాడినట్టు వినపడేది, "ఇంకోసారీ..." బిగించాను మేస్త్రీ గారూ. "బిగించావు, నేను కాదన్నానా? ఇంకోసారి చూడు." నన్నేమో పుల్ల అనేవాళ్ళు. ఈ పొట్ట కేసి చూడకు, ముప్ఫై అయిదేళ్ళప్పుడు నేను నిజంగా పుల్లనే, ఎక్కడ దూరమంటే అక్కడ దూరేవాణ్ణి. ఇంట్లోనూ ఆయన అంతేనట. మీ అమ్మమ్మ చెప్పేది, తాళం వేసి సందు చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసేవాడట, రోజూ. "నేను పెళ్ళి చేసుకున్నది మనిషిని కాదు, తనిఖీని" అనేది. ఆవిడ మాటలు అలా ఉండేవిలే. నిద్ర కూడా ఉండేది కాదట. ఎప్పుడు మెలకువ వచ్చి చూసినా పైకప్పు కేసి చూస్తూ ఉండేవాడట. మేమంతా అనుకునేవాళ్ళం, జాగ్రత్త మనిషి, పుట్టుకతోనే అంత అని. పుట్టుకతో కాదమ్మా. అది తెలిసేసరికి నాకు చాలా కాలం పట్టింది.

ఇప్పుడు ఆ బోర్డు గురించి చెప్పాలి, అది తెలియకపోతే కథ లేదు. షెడ్డులో ఒక గోడంతా చెక్క బోర్డు. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్ల పెయింటుతో గీసి ఉంటుంది, సుత్తి చోట సుత్తి నీడ, పానా చోట పానా నీడ. ప్రతిదానికీ నంబరు, నంబరు ఆ పనిముట్టు మీద కూడా కొట్టి ఉంటుంది. మాకు తలా నాలుగు ఇత్తడి బిళ్ళలు. పానా తీసుకుంటే ఆ కొక్కేనికి నీ బిళ్ళ తగిలించాలి. సాయంత్రానికి ఒక్క నీడైనా ఖాళీగా కనపడిందా, అంతే, ఏ విమానమూ కదలదు. ఎందుకంటావేమో, విమానం పొట్టలో ఒక పానా మర్చిపోయావనుకో, అది నేల మీద ఉన్నంతసేపూ పానానే. గాల్లోకి లేచి విమానం అటూ ఇటూ ఒరిగిందా, జారుకుంటూ వెళ్ళి తోకని తిప్పే తీగల్లో పడుతుంది. తీగ బిగుసుకుపోతే పైలట్ ఎంత లాగినా ముక్కు లేవదు. అందుకే పోయిన వస్తువు దొరికేదాకా విమానాన్ని విప్పి వెతకాల్సిందే. రాజుగారొచ్చి నిలబడినా సరే. ఆ అధికారం మేస్త్రీది. ఆయన సంతకం లేనిదే చక్రం కింద చెక్క తియ్యరు.

అన్నట్టు, టీ తాగుతావా? వద్దా, సరే, తర్వాత పెట్టమందాం. ఏం చెబుతున్నాను... ఆ, పెద్దమ్మ మ్యూజియానికి ఎగిరి వెళ్ళిన ఆఖరి రోజు. చిన్నమ్మని అప్పటికి మూడు వారాల కింద తుక్కు కింద కొట్టేశారు. నాకు బాగా గుర్తు, నాలుగు రోజులు కొట్టారు, నాలుగు రోజులూ మీ తాత అక్కడే నిలబడ్డాడు. ఊడిన ప్రతి ముక్కనీ చేత్తో తిప్పి చూసేవాడు, మట్టిలో పడ్డ చెత్తని కాలితో కెలికేవాడు. మేము, "పాపం, ఎంత ప్రేమో" అనుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం ఆయన మొహం చూడాలి, నెత్తురు చుక్క లేదు. అవతలిరోజే వెళ్ళి పెద్దాఫీసరుని అడిగాడు, "పెద్దమ్మ తోకలో నేల రేకు విప్పి చూద్దామండీ" అని. యుద్ధం అయ్యాక ఆ తోకలో నేల మీద ఇంకో రేకు వేసి రివిట్లు కొట్టేశారు, అది విప్పాలంటే పైనుంచి కాయితం రావాలి. ఆఫీసరు, ఆయన గొంతు ఎలా ఉండేదంటే, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు, "ఏమయ్యా, ఇంకో నలభై నిమిషాలు ఎగిరితే మ్యూజియంలో పడుకునేదానికి ఇప్పుడు ఆపరేషనా? కారణం రాసివ్వు" అన్నాడు. మీ తాత కారణం రాయలేదు. ఊరుకుని వచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇక ఆ రోజు పొద్దున్న. డేరాలు, కుర్చీలు, బ్యాండు, జెండాలు. బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడికి కొత్త బూట్లు కరిచి ఒక కాలికే బూటు వేసుకుని నిలబడ్డాడు, అది నీకెందుకులే. డేరాలో పొడుగ్గా ఒక బల్ల వేసి, దాని మీద గాజు పెట్టెలు పెట్టి, పెద్దమ్మ జ్ఞాపకాలన్నీ పేర్చారు. పాత టోపీ, మ్యాపులు, బస్తాకి కట్టి వదిలే గొడుగు గుడ్డ, కాలిన ఇంజను ప్లగ్గులు, ఒక్కోదాని ముందు చిన్న చీటీ. చీటీలన్నీ మీ తాతే రాశాడు, ఆయన అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. జనానికి ఆ పిచ్చేంటో, కనపడ్డ ప్రతిదీ జ్ఞాపకంగా కావాలి. ఒకడు కిటికీ స్క్రూ ఊడబీకబోతుంటే నేనే పట్టుకున్నాను. ఆ రోజు పెద్దమ్మలో ఎక్కేది ఎవరనుకున్నావు? పైలట్లు ఇద్దరు, ఇంకా పదకొండు మంది ముసలివాళ్ళు. యుద్ధంలో ఆ కొండ మీద పెద్దమ్మ వేసిన బస్తాలు తిని బతికి బయటపడ్డవాళ్ళు. ఒకాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. ఇంకొకాయన పెద్దమ్మ పొట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు, గేదెని నిమిరినట్టు. వాళ్ళు ఎక్కబోతున్నారు, బ్యాండు మొదలైంది, మీ తాత సంతకం పెట్టే ముందు ఆనవాయితీగా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు. "అద్దం ఏదిరా?" అన్నాడు.

అద్దమంటే మొహం చూసుకునేది కాదు. పళ్ళ డాక్టరు దగ్గర ఉంటుందే, పుల్లకి బిగించిన బిళ్ళంత అద్దం, అలాంటిదే పెద్దది. కన్ను దూరని సందుల్లో పెట్టి చూడ్డానికి. దాని నీడ ఖాళీగా ఉంది, కొక్కేనికి ఎవరి బిళ్ళా లేదు. నిన్న సాయంత్రం ఉంది, పొద్దున్న లేదు. అంతే, మీ తాత బయటికొచ్చి చెయ్యెత్తాడు. బ్యాండు ఆగింది, ఒంటి బూటువాడు ఒక్కడే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ వాయించాడు. ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా, పావలా అద్దం కోసం ముఖ్య అతిథిని ఎండలో నిలబెడతావా?" మీ తాత చాలా నెమ్మదిగా, "దొరికేదాకా ఎగరదండీ" అన్నాడు. "నేను చెబుతున్నా, సంతకం పెట్టు." "మీరు పెట్టండి, నేను పక్కకి జరుగుతాను." ఆఫీసరు పెడతాడా! పైలట్ గారు ఇదంతా విని కిందికి దిగి, టోపీ తీసి, రెక్క నీడలో నేల మీద చతికిలబడ్డాడు. "మేస్త్రీ సరేనంటేనే ఎక్కుతాను, నాకేం తొందర్లేదు" అన్నాడు. దాంతో అయిపోయింది. ముసలివాళ్ళు పదకొండు మందీ వెళ్ళి కుర్చీల్లో కూర్చుని ముచ్చట్లలో పడ్డారు.

వెతుకులాట మొదలైంది. ముందు భాగం ముగ్గురికి, రెక్కలు నలుగురికి ఇచ్చాడు. "పుల్లా, నువ్వు తోక. రేకు విప్పేసెయ్యి. రివిట్లన్నీ కొట్టెయ్యి." నేను తెల్లబోయాను. మేస్త్రీ గారూ, నిన్న తోకలో మనం పనే చెయ్యలేదు, పైగా ఆ రేకు ఇన్నేళ్ళుగా మూసే ఉంది, దాని కిందికి అద్దం ఎలా పోతుందండీ? ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ మనిషిని ముట్టుకునే అలవాటు లేదాయనకి. "పోరా, వాదించకు. చివరి కప్పీ దాకా పో. కళ్ళతో కాదు, చేత్తో తడుము." కప్పీ అంటే తీగ తిరిగే చక్రం. సరేనని డ్రిల్లు పట్టుకుని దూరాను. లోపల ఒకటే వేడి, పాత గ్రీజు వాసన, చెమట కళ్ళలోకి కారుతోంది, బోర్లా పడుకుని గంటన్నర పట్టింది రేకు లేపడానికి. మోచేతులు గీరుకుపోయాయి. మీ తాతని తిట్టుకున్నాను కూడా, నిజం చెప్పాలిగా. రేకు లేచింది. తీగ పక్కనుంచి చెయ్యి పెట్టి తడుముకుంటూ, తడుముకుంటూ వెళితే, చివరి కప్పీ దగ్గర వేలికి ఇనుము తగిలింది.

అద్దం పిడి అనుకున్నాను. హమ్మయ్య, బతికాం అనుకుని లాగాను. రాలేదు, ఎండిపోయిన గ్రీజులో పాతుకుపోయి ఉంది. గోళ్ళతో పెకిలించి తీస్తే ఇదిగో, ఇది. పానా. బొటనవేలితో రుద్దితే నంబరు కనపడింది, ఇరవై ఏడు. చూడు, ఇక్కడ, నీ వేలు పెట్టి చూడు. ఇదెలా సాధ్యం అనుకున్నాను. ఎందుకంటే ఇరవై ఏడో నంబరు పానా పొద్దున్న నా కళ్ళతో చూశాను, బోర్డు మీద వేలాడుతోంది! ఒక నంబరు పానా రెండు ఎలా ఉంటాయి? అక్కడే పడుకుని ఆలోచించాను. ఒకటి పోయి ఉండాలి, దాని స్థానంలో ఎవరో ఇంకోటి తెచ్చి, తన చేత్తో నంబరు కొట్టి తగిలించి ఉండాలి. బోర్డు మీద ఉన్నదానికి ఏడు అంకె తోక వంకర, మేం రోజూ దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం కూడా. రేకు కింద ఉన్న పానా అంటే రేకు వెయ్యకముందు పడ్డది, అంటే యుద్ధం నాటిది. యుద్ధం నాటికి ఆ షెడ్డులో ఉండి ఇంకా అక్కడే ఉన్నది ఒకే ఒక్క మనిషి. తీగకీ దీనికీ మధ్య ఎంత సందుందో తెలుసా? ఒక్క వేలు. ఇరవై రెండేళ్ళు ఆ గ్రీజే పట్టుకుని ఉంది. ఆ గ్రీజు కూడా అంచుల్లో పగిలి రాలిపోతోంది.

పానాని చొక్కా చేతిలో దోపుకుని బయటికి పాకాను. తోక తలుపు దగ్గర ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు. "దొరికిందా?" అద్దం దొరకలేదండీ అన్నాను. "ఇంకేమైనా?" ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది తల్లీ, పరీక్ష ఫలితం అడిగే పిల్లాడి గొంతు. నేను చెయ్యి కలిపినట్టు కలిపి, పానా ఆయన అరచేతిలోకి జార్చాను. చూడలేదాయన. వేళ్ళతో తడిమాడు, నంబరు దగ్గర వేలు ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత షెడ్డు వెనక కొళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు, నీళ్ళ చప్పుడు అలా వస్తూనే ఉంది. నేను అటు ఎవరినీ వెళ్ళనివ్వలేదు. వచ్చాక ఏం చేశాడో తెలుసా? నేరుగా డేరాలోకి నడిచాడు. గాజు పెట్టె తెరిచి, కాలిన ప్లగ్గుల పక్కనుంచి అద్దం తీసి పైకెత్తాడు. దాని ముందు చీటీ కూడా ఉంది, "విమానం కడుపులోకి చూసే అద్దం" అని, స్కేలు అక్షరాలు. పొద్దున్నించీ మేం అందరం దాని ముందునుంచే అటూ ఇటూ పరిగెత్తాం! "ఇదిగోండి. నేనే పెట్టాను. మరిచిపోయాను" అన్నాడు.

ఆఫీసరు ఊరుకుంటాడా? గులకరాళ్ళ డబ్బా ఊగిపోయింది. "బుద్ధుందా నీకు? మతుందా? ఇంటికి పోయి కూర్చోవయ్యా, ఇంకా ఎందుకు ఈ ఉద్యోగం?" బ్యాండు వాళ్ళ ముందు, అతిథుల ముందు, మా అందరి ముందు. జనం ఒకటే నవ్వు. పేపరు వాడు రాసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క మేకు మరిచిపోని మనిషి, తల వంచుకుని, "పెద్దవాణ్ణయ్యానండీ, మతిమరుపు" అంటున్నాడు. నాకు అప్పుడు వెలిగింది. అద్దం ఆయన మరిచిపోలేదు. కావాలని పెట్టాడు. తోక విప్పడానికి కారణం కావాలి, అసలు కారణం రాయలేడు, అందుకని ఒక కారణం తయారుచేశాడు. నేను నోరు తెరవబోయాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడంతే, మూసేశాను. ఇంకో విషయం చెప్పనా, అన్ని తిట్లు తింటూ ఆయన నవ్వుతున్నాడు. పెదాల చివర్న, చిన్నగా. ఆఫీసరుకి కనపడలేదు కానీ నాకు కనపడింది.

రేకు మళ్ళీ స్క్రూలతో బిగించాం. అద్దం బోర్డు మీదికి వచ్చింది. మీ తాత బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూశాడు. మేమంతా ఆ ముక్కు గొంతు కోసం ఎదురుచూస్తున్నాం, ఇంకోసారీ అని. ఆయన, "సరిపోయింది" అన్నాడు. అంతే. నేను షెడ్డులో చేరాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. సంతకం పెట్టి, బయటికొచ్చి, గోడ నీడలో ఖాళీ నూనె పీపా మీద కూర్చున్నాడు. ముసలివాళ్ళు ఎక్కారు, చక్రాల కుర్చీ ఆయన్ని నలుగురం మోసి ఎక్కించాం. పెద్దమ్మ దగ్గింది, ఉమ్మింది, ఒక ఇంజను, రెండో ఇంజను, ఆ చప్పుడుకి కుర్చీలు కదిలాయి. లేచింది తల్లీ. లేచి, ఒక చుట్టు తిరిగొచ్చి మా షెడ్డు మీదుగా ఇంత కిందికి దిగి, రెక్కలు ఇటూ అటూ ఊపింది. ఆఫీసరు కూడా ఏడ్చాడు, నా కళ్ళతో చూశాను. మేస్త్రీ గారూ చూశారా అని ఇటు తిరిగితే, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గురక! టోపీ కింద పడిపోయింది. అంత చప్పుడులో, పట్టపగలు, పసిపిల్లాడి నిద్ర. ఆ ఆఖరి ప్రయాణం చూడటానికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు జనం. చూడనిది ఆయనొక్కడే. లేపబోయాను, చెయ్యి రాలేదు. టోపీ తీసి మొహానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టాను. మ్యూజియం నుంచి ఫోనొచ్చింది, దిగింది, అందరూ క్షేమం అని. అప్పుడు కూడా నిద్రే.

సాయంత్రం లేచాక టీ తెప్పించి, షెడ్డు మెట్ల మీద కూర్చుని చెప్పాడు. యుద్ధం రోజుల్లో ఒక రోజు రెండు విమానాల్లోనూ పని చేశాడట. పని అయ్యాక చూస్తే పానా లేదు. చెబితే రెండూ ఆగిపోతాయి. కొండ మీద వాళ్ళు రెండు రోజులుగా ఆకలితో ఉన్నారు, తెల్లారితే బస్తాలు వెయ్యాలి. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు ఇంకో రేపు అయింది. ఈలోగా ఇంకో పానా తెచ్చి నంబరు కొట్టి తగిలించేశాడు, ఆ కంగారులో ఏడు వంకరపోయింది. తర్వాత చెబితే ఉద్యోగం పోతుంది, మీ అమ్మ అప్పటికి ఉయ్యాల్లో ఉంది. "చిన్నమ్మలోనే పడి ఉంటుందని నమ్ముకున్నానురా, చివరగా పనిచేసింది అందులోనే. దాన్ని విరగ్గొట్టాక గానీ తెలియలేదు" అన్నాడు. నాకు కోపం వచ్చిందమ్మా. రాదూ? నేనూ ఎక్కాను ఆ విమానం, ఎన్నిసార్లో. అదే అడిగేశాను, ఇన్నేళ్ళు మమ్మల్నందరినీ దాని మీద ఎలా తిప్పారండీ అని. ఆయన తల ఎత్తలేదు. "నేను లేకుండా ఎప్పుడైనా తిప్పానా?" అన్నాడు. నిజమే. రిపేరు చేశాక పరీక్షకి ఎగిరిన ప్రతిసారీ ఆయన ఎక్కేవాడు, తోకలో, చలికి పళ్ళు కొట్టుకునే చోట, నేలకి చెవి ఆనించి కూర్చునేవాడు. మేము అదో చాదస్తం అనుకునేవాళ్ళం. నా కోపం పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ మనిషిని తిట్టడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఆయన నన్ను తిట్టుకోమన్నట్టు అలా కూర్చునే ఉన్నాడు.

నీకు గుర్తుందా, నీ చిన్నప్పుడు ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయేవాడు? అదీ. నువ్వు ఆయన పొట్ట మీద పడుకుని నిద్రపోతే ఇద్దర్నీ ఎవరూ లేపలేకపోయేవాళ్ళు. తాళం లాగి చూడ్డం మానేశాడని మీ అమ్మమ్మ నాతో అంది, "మనిషి మెత్తబడ్డాడయ్యా, మతిమరుపే మంచిదైంది" అని నవ్వింది. ఆవిడకీ తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు. మ్యూజియం వాళ్ళకి ఏం చెబుతావో నీ ఇష్టం. మతి ఉన్నవాడే అంటే, మరి ఎందుకు దాచాడు అంటారు. అది చెబితే పానా సంగతి చెప్పాలి. చెబితే చెప్పు, నేను మాట తప్పాను కాబట్టి ఇక నీకు అడ్డం చెప్పలేను. ఒకటి మాత్రం ఉంది, ఆ బోర్డు కూడా అక్కడే గోడకి పెట్టారు, వెళ్ళి చూడు, ఇరవై ఏడు దగ్గర వంకర తోక పానా ఇప్పటికీ వేలాడుతోంది. బోర్డు నిండుగా ఉంది. దీనికి అక్కడ చోటు లేదు. ఏంటీ? గట్టిగా చెప్పమ్మా, ఈ చెవికి వినపడదు... "ఈ అద్దం దొరికేదాకా మేస్త్రీ విమానాన్ని ఎగరనివ్వలేదు." అంతేనా? అంతే రాయిస్తావా? ఇంకోసారి చెప్పు... ఆ. బాగుంది. ఒక్క ముక్క అబద్ధం లేదు. మీ అమ్మకి మాత్రం అంతా చెప్పు, ఫోనులో కాదు, పక్కన కూర్చుని చెప్పు. అబ్బ, నాకూ గుండెల మీంచి బండ దించినట్టుంది తల్లీ, ఇన్నాళ్ళూ ఇది నాకూ బరువేనని తెలియలేదు.

సరే, పొద్దుపోతోంది, సర్దుకో. లెక్కపెట్టు. కవరు, కీచైను, రిబ్బను, షీల్డు, ఫోటో, పేపరు... ఆరేనా? ఏడు కదా తెచ్చింది. పెట్టె అడుగున చూడు. స్టూలు కింద? ఆ కాయితాల మధ్యలో... నా వైపు చూసి నవ్వుతావేం? ఏంటి, నా చేతిలోనా? అయ్యో రామా, ఇంతసేపూ దీన్ని పట్టుకునే వాగుతున్నానా! వేళ్ళు కూడా కొంకర్లు పోయాయి చూడు. ఆయనది నాటకం గానీ నాది నిజం మతిమరుపేనమ్మా. ఇందా, తీసుకో. గుడ్డలో చుట్టి అడుగున పెట్టు. ఏడు. ఆ, సరిపోయింది. మూత పెట్టెయ్యి.